అప్‌డేట్: గుంటూరులో చూసిన స్పీడ్‌స్టర్ నమూనా కారు సంగతి

పోర్షే 356 స్పీడ్‌స్టర్ అనే పాత స్పోర్ట్స్ కారును పోలిన కారును గుంటూరులో ఒక ప్రైవేటు యజమాని అమ్ముతున్నారని, కొనవచ్చా అని లోగడ ఇక్కడ అడిగాను. చాసిస్‌ను (కారు అడుగు చట్రాన్ని), ఆర్సీని ముందు చూడమన్న మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

విజయవాడ ఆటోనగర్ నుంచి అనుభవమున్న మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి, కారును జాకీల మీద ఎత్తించి చూశాము. పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్. బీటిల్ వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల ఇరుసుల మధ్య దూరం) 2,400 మి.మీ., అసలు 356 వీల్‌బేస్ 2,100 మి.మీ. కనుక ఇటువంటి కార్లలో ఫ్లోర్‌ను మధ్యలో కోసి, పొట్టి చేసి, తిరిగి వెల్డింగ్ చేస్తారు. కారు బలమంతా ఆ అతుకు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ అతుకు చక్కగానే ఉంది, బ్యాటరీ కింద మాత్రం తుప్పు కనిపించింది. అది బాగుచేయదగినదే.

అసలు చిక్కు కాగితాలలో ఉంది. ఆర్సీలో బీటిల్ సెడాన్ అనే ఉంది, బాడీ మార్పు నమోదు కాలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పు చెల్లదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. రేపు ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. యజమాని ఎంతో మర్యాదస్తులు, ఏదీ దాచలేదు. అయినా, ఎంత మనసుపడినా, అడ్వాన్సు ఇవ్వకుండానే ఈ బేరం విరమించుకున్నాను.