ప్రవక్త నోట వచ్చిన ప్రతి అక్షరమూ దేవుడిదేనా?

విద్యార్థి_07:
అందరికీ వందనాలు. బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయం చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. యిర్మీయా చెబుతుంటే అతని లేఖకుడు బారూకు ఒక గ్రంథపు చుట్టలో రాశాడు. తొమ్మిదో నెల, చలికాలం. యూదా రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చుని, మూడు నాలుగు పుటలు చదవగానే వాటిని చాకుతో కోసి నిప్పులో వేశాడు. మొత్తం చుట్ట కాలిపోయింది. యిర్మీయా మళ్లీ చెప్పి రాయించాడు, అలాంటి మాటలు ఇంకా చాలా కలిశాయి అంటుంది ఆఖరి వచనం. ప్రతి అక్షరం పైనుంచే దిగితే, ఈ కలిసినవి ఎక్కడివి?

వాక్యమే_దీపం:
అవీ దేవుడిచ్చినవే బ్రదర్. మొదటి అధ్యాయంలోనే దేవుడు అతని నోరు ముట్టి తన మాటలు ఆ నోట పెట్టాడు కదా. బిలాము అనే సోదెగాడినైతే ఇశ్రాయేలీయులను శపించడానికే పిలిపించారు, నోరు తెరిస్తే దీవెన వచ్చింది. ప్రవక్తకు సొంత మాట ఉందని ఒప్పుకుంటే, ఏది దేవుడిది, ఏది మనిషిది అని తేల్చేదెవరు?

మేడితోట:
మీ భయం నాకు అర్థమవుతుంది సిస్టర్. కానీ అందరినీ బిలాముతో కొలవలేం. ఆమోసు ప్రవక్త తెకోవ అనే ఊళ్లో పశువులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకున్నవాడు. అతని మాటల్లో పనలతో నిండిన బండి ఉంటుంది, సింహం నోట్లోంచి కాపరి లాక్కున్న రెండు కాళ్లు, చెవి ముక్క ఉంటాయి. యెషయా ప్రవక్త దర్శనంలోనైతే సింహాసనం, దేవాలయం. దేవుడనే ఒకే రాజును యెషయా పట్నవాసిలా, యెహెజ్కేలు అనే మరో ప్రవక్త పల్లెటూరివాడిలా చూశారని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక రబ్బీ (యూదు బోధకుడు) అంటాడు.

యిర్మీయా మొదటి అధ్యాయంలోని బాదం కొమ్మ సంగతి చూడండి. దేవుడు 'నీకేం కనిపిస్తోంది?' అని అడిగాడు. చెప్పాల్సింది యిర్మీయాయే. బాదం కొమ్మ అన్నాడు. నా మాట నెరవేర్చడానికి కనిపెట్టి చూస్తున్నాను అన్నాడు దేవుడు. హీబ్రూలో బాదం షాకేద్, 'కనిపెట్టి చూస్తున్నాను' అంటే షోకేద్. మన తెలుగు బైబిల్లో 'ఆతురపడుచున్నాను' అని ఉంటుంది, ఆ శబ్దం పోయింది. ఆ కొమ్మ అక్కడ ఎందుకుందో తెలియకుండానే ఏళ్ల తరబడి చదువుకుంటూ పోయాను.

అలాగని అది యిర్మీయా సొంత అభిప్రాయం కాదు. ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోవాలా వద్దా అని జనం అడిగితే జవాబు రావడానికి పది రోజులు పట్టింది. తన మాటే అయితే ఆ పూటే చెప్పేసేవాడు! హనన్యా అనే ప్రవక్త యిర్మీయా మెడ మీది కాడి తీసి విరిస్తే, యిర్మీయా మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు, వాక్కు వచ్చాకే తిరిగొచ్చాడు. భాష అతనిది, కబురు అతనిది కాదు.

వాక్యమే_దీపం:
పది రోజుల సంగతి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. కానీ తేల్చేదెవరు అన్న నా ప్రశ్న అలాగే ఉంది. ఇశ్రాయేలు రాజు అహాబు ముందు దాదాపు 400 మంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్లు, గెలుస్తావు అని ఒకే మాట చెప్పారు. వాళ్లూ యెహోవా పేరే ఎత్తారు.

మేడితోట:
నిజమే, అది తేలిక కాదు. జరగని మాట యెహోవాది కాదని ద్వితీయోపదేశకాండం 18 చెబుతుంది, కానీ జరిగేదాకా ఎలా తెలుస్తుంది? మీకాయా అనే ప్రవక్త ఒక్కడే ఎదురు చెప్పి చెరసాలకు పోయాడు. తర్వాత యుద్ధంలో అహాబు మారువేషం వేసుకున్నా బాణం కవచం అతుకుల సందులోంచి దిగింది. ఆ రోజు సమరియ పట్నం గుమ్మం దగ్గర నిలబడినవాళ్లకు మాత్రం కనిపించింది 400 మంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు.