సంక్రాంతికి అత్తగారి ఊరు, మూడు నెలల పాప: పాలివ్వడం ఎలా?

పాపాయి_అమ్మ:
హైదరాబాద్ నుంచి భీమవరం, రాత్రి రైలు. భోగి నుంచి ముక్కనుమ దాకా అక్కడే. ఇంటినిండా చుట్టాలు, గడియ ఉన్న గది ఒక్కటే. పాప తల్లిపాలే తాగుతుంది. పట్టుచీరతో ఎలా? పిండిన పాలు ఎంతసేపు నిలవుంటాయి?

గోదారి_అక్క:
ముందు బ్లౌజ్ చూసుకోండి. పెళ్ళినాటి కొలతలదైతే కుట్లు విప్పించి వదులు చేయించండి. చంక కింద బిగిస్తే అక్కడే పాలు కడతాయి. ముందు హుక్కులదే కావాలి. కింది రెండుమూడు హుక్కులు తీసి బ్లౌజ్ పైకి జరిపితే చాలు, మిగతాది పైట కప్పేస్తుంది. పిన్ను భుజం వెనక్కి పెట్టండి. జరీ పాప చెంపకి గీరుకుంటుంది, మధ్యలో మెత్తటి నూలుగుడ్డ వేయండి.

అసలు చిక్కు చీరతో కాదు. పాప ఒళ్ళోంచి ఒళ్ళోకి మారుతూ నిద్రపోతుంది, రెండు పూటల పాలు తప్పిపోతాయి, సాయంత్రానికి రొమ్ము రాయిలా అవుతుంది. ఈ వయసులో రోజుకి 8 సార్లయినా తాగాలి. పెదాలు చప్పరించినా, చెయ్యి నోట్లో పెట్టుకున్నా తీసేసుకోండి. గుక్కపట్టి ఏడ్చాక చన్ను సరిగ్గా అందుకోదు.

పాలడబ్బా:
రైల్లో కింది బెర్త్ తీసుకుని కూర్చునే పట్టండి. ఇరుకు బెర్త్‌లో పడుకుని ఇస్తే మీకూ నిద్ర పట్టేస్తుంది, అది ప్రమాదం.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఐస్ ప్యాకులున్న బ్యాగులో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఆగుతాయి. కానీ పండగ ఫ్రిజ్ తలుపు మూసి ఉండేదెప్పుడు! తలుపు అరల్లో వద్దు, లోపల వెనక్కి పెట్టండి. 60 మి.లీ. చొప్పున విడివిడిగా పోసి, పిండిన టైము రాయండి. పైన మీగడ తేలితే విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. గిన్నెడు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి వెచ్చచేయండి. మైక్రోవేవ్‌లో అక్కడక్కడా కాలిపోయి పాప నోరు పొక్కుతుంది. తాగగా మిగిలింది 2 గంటలు దాటితే పారబోయాల్సిందే.

పాపాయి_అమ్మ:
థాంక్సండి. గడ్డ కడితే? పెద్దవాళ్ళు గట్టిగా నలపమంటున్నారు.

గోదారి_అక్క:
నలపొద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. పాలిచ్చే ముందు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని వేళ్ళ కొసలతో ఛాతీవైపు ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. వాపు వెనక్కి జరిగి అక్కడ మెత్తబడుతుంది, పాప నోటికి అందుతుంది. తాగాక చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేయండి. పంపుతో పూర్తిగా ఖాళీ చేయొద్దు, రేపు పాలు ఇంకా ఎక్కువ పడతాయి. ఆ వైపు ఇవ్వడం మాత్రం మానకండి. 101 జ్వరమొచ్చినా, ఎర్రగా కంది రోజులో తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి.

పాలడబ్బా:
అరిసెలు మీరు తినొచ్చు, పాపకేం కాదు. ఎవరైనా ముద్దుగా తేనె నాకించబోతే మాత్రం అడ్డుపడండి. ఏడాదిలోపు పిల్లలకి దాంతో బొటులిజం (ఒళ్ళు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు) రావచ్చు. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.