కరోనా భయం పోయినా అమ్మ రైలెక్కట్లేదు, మీ ఇళ్లల్లో ఎలా ఉంది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఆంధ్రా బోర్డర్ పక్కనే ఉన్న ఒడిశా ఊరు. చుట్టాలు సగం ఇక్కడ, సగం టెక్కలి, శ్రీకాకుళం వైపు. కరోనాకి ముందు ఎక్కడికెళ్లాలన్నా గుణుపురం ప్యాసింజరే, అమ్మ పులిహోర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే పక్కవాళ్లకీ పెట్టేది. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయాయి, బోర్డర్ అవతల ఉన్న పాతపట్నం రోడ్డు కూడా మూసేశారు. అప్పుడే నాన్న సెకండ్ హ్యాండ్ స్కూటీ కొన్నారు, ఇంక అంతే, రైలు మర్చిపోయారు. ఇప్పుడు అమ్మకి మోకాళ్ల నొప్పులు, స్కూటీ మీద టెక్కలి దాకా కూర్చోలేదు, రైలంటే "అంతమంది మధ్యనా" అంటోంది. ఎలా ఒప్పించాలి?

జవాబు 1 (బరంపురం):
అమ్మగారి భయం నాకు అర్థమవుతుందండి. మా గంజాం జిల్లా వాళ్లు వేలమంది సూరత్‌లో పనిచేసేవాళ్లు కదా, 2020 మేలో వాళ్లని ఇళ్లకి తెచ్చిన శ్రామిక్ స్పెషల్ రైళ్లు ఇక్కడి జగన్నాథపూర్ స్టేషన్లో ఆగుతుంటే ఊళ్లో రైలు పేరెత్తితేనే తలుపులేసుకునేవాళ్లు. నేను రోజూ ఇచ్ఛాపురం వెళ్లి పనిచేస్తాను, ముందు సీజన్ టికెట్ ఉండేది. రైళ్లు స్పెషల్ పేరుతో మళ్లీ మొదలయ్యాక 10 రూపాయల టికెట్ 30 అయింది, జనాన్ని తగ్గించడానికే అన్నారు, దాంతో మేం నలుగురం బైకులకి మారిపోయాం. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత రేటు పెట్టారు గానీ అప్పటికి నాలుగేళ్ల అలవాటు పడిపోయింది. హైవే మీద లారీల మధ్య పొద్దున్న పొగమంచులో వెళ్తుంటే ఇంట్లో మా ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చునేది. అది చూడలేక ఈ మధ్యే రైలుకి వచ్చేశాను.

జవాబు 2 (రాయగడ):
ఒక్క భయమే కాదు బ్రదర్, డబ్బు కూడా. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. అంతకుముందు 58 దాటిన ఆడవాళ్లకి సగం, 60 దాటిన మగవాళ్లకి 40 శాతం తగ్గేది. మా అమ్మమ్మ అది ఉన్నప్పుడు నెలకోసారి పార్వతీపురం మీదుగా విజయనగరం వచ్చేది, ఇప్పుడు పండక్కి మాత్రమే, అదీ మామయ్య కారు పంపిస్తే. రైల్లో ఆవిడకి తెలిసిన బుట్టలమ్మలు, పూలవాళ్లు ఉండేవాళ్లు, వాళ్లనే ఎక్కువ తలుచుకుంటుంది. నాకదే బాధ.

జవాబు 3 (బరంపురం):
అమ్మగారిని ఒకేసారి వైజాగ్ తీసుకెళ్లకండి. ముందు పాతపట్నం దాకా, ఒక్క స్టేషనే కదా, వారం మధ్యలో ఖాళీగా ఉన్న బండి చూసుకోండి, టికెట్ ఫోన్లో తీసేసుకుంటే క్యూలో నిలబడక్కర్లేదు. మాస్క్ పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, నవ్వకండి. మా అత్తయ్యని అలాగే అలవాటు చేశాం.

పర్లాకిమిడి నుంచి మళ్లీ:
థాంక్స్ అండి అందరికీ. బుధవారం తీసుకెళ్లాను. మాస్క్ పెట్టుకుని నా చెయ్యి పట్టుకునే కూర్చుంది, దిగేదాకా వదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు ఎదురు సీట్లో ఒక ఒరియా ముసలావిడ మోకాళ్లకి ఏం నూనె రాస్తున్నావని అడిగింది, ఇద్దరూ మాటల్లో పడ్డారు. పిన్నిని చూడ్డానికి టెక్కలి వెళ్దామంది, కిటికీ సీటు మాత్రం తనకే కావాలట.