ఎలక్ట్రిక్ కారు రేటు మళ్లీ పెరిగింది: నెల్లూరులో ఇప్పుడు కొనొచ్చా, బ్యాటరీ అద్దె స్కీము మేలా?

వేదాయపాలెం వాసి

అన్నలందరికీ నమస్తే. ఇల్లు నెల్లూరు వేదాయపాలెం, డ్యూటీ కృష్ణపట్నం పోర్టు వైపు. రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 1,500 దాకా తిరుగుడు. అప్పుడప్పుడు చెన్నై. సొంత ఇల్లు, కారు గేటు లోపలే పెట్టుకోవచ్చు. ఇంట్లో కరెంటు నెలకు 200 యూనిట్లు కాలుతుంది.

38 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు చూస్తున్నా. అడిగిన ప్రతిసారీ రేటు పెరిగే ఉంటోంది. పెట్రోలు చిన్న కార్లేమో జీఎస్‌టీ తగ్గాక దిగొచ్చాయి. ఇంకొన్నాళ్లు ఆగితే తగ్గుతుందా? కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, టీసీఎస్, హ్యాండ్లింగ్, ఇన్సూరెన్స్ అని బోలెడు వరసలు రాశారు. వీటిలో ఏది కట్టాలి, ఏది అక్కర్లేదు? బ్యాటరీ అద్దెకు తీసుకుంటే కారు పది లక్షల లోపే వస్తుందంటున్నారు, అది నిజంగా చవకేనా? ఇంట్లో వైరింగ్‌కు ఏమేం చేయించాలి?

ఒంగోలు ఆడిటర్

వాసి గారూ, రేటు ఎందుకు పెరిగిందో తెలిస్తే ఆగాలో వద్దో మీకే తేలిపోతుంది.

మొదటిది, విడుదల రోజు చెప్పే ధర ఎప్పుడూ ఎర ధరే. ఎంజీ విండ్సర్‌నే చూడండి. 2024 సెప్టెంబరులో బ్యాటరీతో కలిపి 13.50 లక్షల ఎక్స్‌షోరూమ్‌తో దించారు, కొన్ని నెలలకే 50 వేలు పెంచారు. మిగతా కంపెనీలూ జనవరిలోనో ఏప్రిల్‌లోనో పెంచడం మామూలే.

రెండోది జీఎస్‌టీ. ఎలక్ట్రిక్ కారు మీద 2019 ఆగస్టు నుంచి 5 శాతమే ఉంది, ఇంక తగ్గడానికి అందులో పెద్దగా ఏం మిగల్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది. పన్ను వేయక ముందు 8 లక్షలున్న బండి 10.32 లక్షల నుంచి 9.44కు దిగింది, అంటే 88 వేలు తగ్గింది. ఎలక్ట్రిక్ రేటు కదలకపోయినా మధ్యలో తేడా పెరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే.

మూడోది సరుకు. బ్యాటరీ లోపలి సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తాయి. రూపాయి పడితే బిల్లు పెరుగుతుంది. మోటారు అయస్కాంతాల్లో వాడే కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతి మీద చైనా 2025 ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టింది.

సబ్సిడీ కోసం మాత్రం ఆగొద్దు. కేంద్రం ఎలక్ట్రిక్ బండ్లకిచ్చే సబ్సిడీ పథకం ఫేమ్-2 ఉన్న రోజుల్లోనే సొంత వాడకం కార్లకు అది రాలేదు. దాని తర్వాత 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్‌లోనూ సొంత కార్లకు చోటు లేదు. లోను వడ్డీ మీద లక్షన్నర మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కూడా 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. దీన్ని ఇప్పటికీ చెప్పి అమ్మే సేల్స్‌మన్లు ఉన్నారు, నమ్మకండి.

ఇక కొటేషన్ సంగతి.

టీసీఎస్ (అమ్మేవాళ్లు మీ దగ్గర ముందే వసూలు చేసి మీ పేరున కట్టే ఆదాయపు పన్ను) 1 శాతం: పది లక్షలు దాటిన ప్రతి కారుకూ ఉంటుంది. ఇది ఖర్చు కాదు. మీ పాన్ మీద జమై ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకుంటారు లేదా వెనక్కి వస్తుంది. పాన్ నంబరు తప్పు పడితే మాత్రం తిప్పలే, ఇన్వాయిస్ మీద అక్షరం అక్షరం చూసుకోండి.

రిజిస్ట్రేషన్ ఫీజు: బ్యాటరీ బండ్లకు ఆర్సీ ఫీజును కేంద్రం 2021 ఆగస్టులోనే తీసేసింది. ఆ వరసలో వేలల్లో అంకె ఉంటే దేనికో విడగొట్టి రాయమనండి. నంబరు ప్లేటు, కార్డు ఖర్చులు వేరు.

లైఫ్ ట్యాక్స్: మన రాష్ట్రంలో ఎలక్ట్రిక్ పాలసీ మారినప్పుడల్లా ఇదీ మారుతోంది. డీలరు నోటిమాట మీద కట్టొద్దు. బుకింగ్ రోజు అమల్లో ఉన్న జీవో నంబరు అడగండి, ఆర్టీఓ ఆఫీసులో సరిచూసుకోండి. డబ్బు కట్టాక రసీదు రవాణా శాఖదే ఉండాలి, షోరూమ్ కాగితం పనికిరాదు.

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, 'ఎసెన్షియల్ కిట్': ఇవి కట్టి తీరాలన్న చట్టమేమీ లేదు. కొట్టేయమనండి. కొట్టేయకపోతే వేరే ఊరి డీలరు కొటేషన్ ముందు పెట్టండి.

లోను విషయంలో ఒక్క మాట. పది లక్షలకు 9 శాతం వడ్డీ అనుకుంటే 5 ఏళ్లకు ఈఎంఐ 20,758, 7 ఏళ్లకు 16,089. నెలకు 4,700 తగ్గినట్టుంటుంది గానీ మొత్తం వడ్డీ 2.45 లక్షల నుంచి 3.51 లక్షలకు పోతుంది. కారు రేటు పెరిగిందని బాధపడే చోటే ఇంకో లక్ష బ్యాంకుకు పోతోంది, అదీ చూసుకోవాలి.

బుచ్చి లెక్కలు

బ్యాటరీ అద్దె గురించి. విండ్సర్ లెక్కే తీసుకుందాం, విడుదలప్పుడు అద్దె స్కీములో 9.99 లక్షలు, కిలోమీటరుకు 3.50. బ్యాటరీతో కొంటే 13.50. తేడా 3.51 లక్షలు. దాన్ని మూడున్నరతో భాగించండి: లక్ష కిలోమీటర్లు తిరిగే సరికి ఆ తేడా మొత్తం అద్దెగా కట్టేసి ఉంటారు. ఆ తర్వాత కూడా మీటరు తిరుగుతూనే ఉంటే, బ్యాటరీ మీది కాకుండానే దాని ఖరీదుకు మించి కట్టినట్టు.

ఇంకో మెలిక ఉంది. ఈ స్కీముల్లో నెలకు కనీస కిలోమీటర్ల షరతు ఉంటుంది. అది 1,500 అయితే, కారు షెడ్డులో ఉన్నా నెలకు 5,250 కట్టాలి. మీరు అంతే తిరుగుతారు కాబట్టి నష్టం లేదనిపిస్తుంది. రిటైరైన వాళ్లు, వారానికోసారి కారు తీసేవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు.

మీ నెల ఖర్చు ఇలా పడుతుంది. 1,500 కిలోమీటర్లకు, యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తుందనుకుంటే బ్యాటరీలోంచి 231 యూనిట్లు. చార్జింగ్‌లో పోయేది 12 శాతం కలిపితే మీటరు మీద 260. ఇంట్లో ఇప్పటికే 200 ఉన్నాయి కనుక ఇవన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి: 225 దాకా 25 యూనిట్లు 6 రూపాయలకు, 400 దాకా 175 యూనిట్లు 8.75కు, మిగిలిన 60 యూనిట్లు 9.75కు. మొత్తం 2,266. సర్దుబాటు చార్జీలు, సుంకం కలిపి 2,700 అనుకోండి. కిలోమీటరుకు 1.80.

పెట్రోలు కారు 16 మైలేజీ ఇస్తే 94 లీటర్లు, లీటరు 109 లెక్కన పది వేల పైచిలుకు. అంటే సొంత బ్యాటరీతో నెలకు 7,500 మిగులు. అద్దె బ్యాటరీతో 5,250 పోగా మిగిలేది 2,300 లోపే. నా మాట అడిగితే, మీకున్న తిరుగుడుకు బ్యాటరీతో సహా కొనడమే సరి. పెట్రోలు బండి కంటే 3 లక్షలు ఎక్కువ పడినా 40 నెలల్లో వచ్చేస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగే మనిషికి అదే మూడు లక్షలు రావడానికి పదేళ్లు పడుతుంది, అలాంటివాళ్లకు నేను పెట్రోలే చెబుతాను.

అద్దెకే పోవాలనుకుంటే సంతకానికి ముందు మూడు విషయాలు కాగితం మీద చూడండి: కిలోమీటరు రేటులో 18 శాతం జీఎస్‌టీ కలిసిందా లేదా, ఏటా రేటు పెంచే హక్కు వాళ్లకు ఉందా, మధ్యలో కారు అమ్మితే బ్యాటరీ బాకీ ఎలా తీర్చాలి.

కావలి ఎలక్ట్రికల్

వైరింగ్ నేను చెప్తా అన్నా. ముందు ఒక ఖర్చు మిగిల్చుకో. రోజుకు 60 కిలోమీటర్లంటే మీటరు మీద పదిన్నర యూనిట్లు. 15 యాంపుల సాకెట్ మీద గంటకు 3 యూనిట్ల లెక్కన మూడున్నర గంటల పని. దానికి 7.2 కిలోవాట్ల గోడ చార్జరు ఎందుకు? అది పెడితే లోడు పెంచుకోవాలి, త్రీఫేజ్ సర్వీసుకు పోవాల్సి రావచ్చు. కారుతో ఉచితంగా ఇస్తే తీసి పక్కన పెట్టుకో, బిగింపు తర్వాత చూసుకోవచ్చు.

15 యాంపుల పాయింటు అయినా పాత గీజరు పాయింటుకు తగిలించొద్దు. గీజరు పావుగంట తిరిగి ఆగుతుంది. కారు గంటల తరబడి నిండా లాగుతుంది. మామూలు సాకెట్‌లో పిన్ను పట్టే ఇత్తడి రేకులు వేడికి వదులైపోతాయి. వదులయ్యే కొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది, ముందు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత కరిగి ప్లగ్గు అతుక్కుపోతుంది. మొదటి వారం చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేకపోతే వెంటనే ఆపేయ్.

చేయించాల్సింది ఇది. మీటరు బోర్డు నుంచి కారు దగ్గరికి విడిగా ఒక లైను, 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, మధ్యలో అతుకు లేకుండా. 20 యాంపుల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), దాని తోడు కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, టైప్ ఏ రకం అడుగు. మామూలుగా షాపులో ఇచ్చే ఏసీ రకం కారు చార్జరుకు సరిపోదు. సాకెట్ ఇండస్ట్రియల్ రకం, మూత ఉన్నది, నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో. రేపు 7.2 పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 6 స్క్వేర్ ఎంఎం లాగించుకో, గోడ రెండోసారి పగలగొట్టే పని ఉండదు.

ఇన్వర్టర్ లైను మీద ఈ పాయింటు అస్సలు పడకూడదు. న్యూట్రల్ కూడా విడిగానే రావాలి. ఇన్వర్టర్ న్యూట్రల్‌తో కలిపేస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది, చార్జరు చెడిందని జనం సర్వీసు సెంటర్ల చుట్టూ తిరుగుతుంటారు.

అసలు గొడవ ఎర్తింగ్ దగ్గర. 'చార్జరు ఎర్ర లైటు వేస్తోంది' అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. కారు చార్జరు ముందు ఎర్తు చూసుకుంటుంది, లేకపోతే కరెంటు తీసుకోదు. లోడు నడుస్తుండగా మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూడు, 2-3 వోల్టుల లోపు ఉండాలి. పది, పదిహేను చూపిస్తే ఎర్తు చచ్చినట్టే. మన తీరం వైపు ఇసక నేలల్లో ఎండాకాలం తేమ దిగిపోయి పాత ఉప్పు-బొగ్గు గుంత పనిచేయదు. పది అడుగుల కెమికల్ ఎర్తు రాడ్డు దింపి, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి పోయించి, కొత్త పాయింటుకు దాన్ని విడిగా కట్టించు. వేసవిలో వారానికో రెండు బిందెల నీళ్లు పొయ్యాలి.

లోడు పెంచుకోవడానికి కరెంటు సంస్థల్లో (డిస్కంలు) నెల్లూరు వాళ్లు ఎస్పీడీసీఎల్‌కు, ఒంగోలు వాళ్లు సీపీడీసీఎల్‌కు పెట్టుకోవాలి. 3 కిలోవాట్లు అదనంగా వాడుతూ మంజూరు లోడు 2 దగ్గరే ఉంచొద్దు.

వేదాయపాలెం వాసి

చాలా థ్యాంక్స్ అన్నా, బుచ్చి గారికీ ఆడిటర్ గారికీ కూడా. ఇంకో రెండు. రిజిస్ట్రేషన్ హైదరాబాదులో చేయించుకుంటే ట్యాక్స్ ఉండదంటున్నారు, మా బావమరిది అడ్రసు ఉంది. ఇన్సూరెన్స్ అంత ఎక్కువెందుకు?

ఒంగోలు ఆడిటర్

తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా మినహాయింపు ఉన్న మాట నిజమే. అది అక్కడ ఉండేవాళ్ల కోసం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు మించి ఉంటే నంబరు మార్పించాలి. అప్పుడు ఎన్‌ఓసీ, బ్యాంకు అనుమతి, ఇక్కడి ట్యాక్సు, తిరుగుళ్లు అన్నీ మీ మీదే. పైగా క్లెయిమ్ వచ్చినప్పుడు అడ్రసు మీద ప్రశ్నలు. వద్దండీ.

పెన్నా గట్టు

ఇన్సూరెన్స్‌లో రెండు ముక్కలుంటాయి. థర్డ్ పార్టీ ప్రభుత్వం నిర్ణయించిందే, బేరం లేదు. 2022 జూన్ రేట్ల ప్రకారం కొత్త ఎలక్ట్రిక్ కారుకు మూడేళ్లకు ఒకేసారి, మోటారు 30 నుంచి 65 కిలోవాట్లయితే 9,044, 65 దాటితే 20,907, జీఎస్‌టీ అదనం. ఇక్కడ చూసేది మోటారు శక్తిని, బ్యాటరీ సైజును కాదు. బేరమంతా మన కారుకు జరిగే నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ ముక్కలోనే. బ్యాటరీ ఖరీదు కారు విలువలో పెద్ద వాటా కనుక అది ఎక్కువగా ఉంటుంది. షోరూమ్ పాలసీనే తీసుకోవాలన్న రూలు లేదు. అదే ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ), అవే అదనపు కవర్లు అంటే యాడ్-ఆన్‌లతో బయట రెండు కొటేషన్లు తీయండి.

డబ్బు తగ్గించాలని బ్యాటరీ కవరు, నీళ్ల నష్టం కవరు మాత్రం తీసేయకండి. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎలా ఉంటాయో తెలుసుగా. మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జీలు గంట వానకే నిండుతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవేనే తెగింది. బ్యాటరీకి ఐపీ67 ఉందంటే అర్థం, కదలని నీళ్లలో ఒక మీటరు లోతున అరగంట తట్టుకుంటుందని పరీక్ష చేశారని. పారే నీళ్లలో, గుంతలో అడుగు రేకు రాసుకుపోయినప్పుడు దానికి భరోసా లేదు. అడుగు భాగం దెబ్బ తింటే వారంటీ కూడా వర్తించదని కంపెనీలు అంటాయి, అక్కడ ఆదుకునేది ఈ కవరే.

చెన్నై సంగతి కూడా చెప్పాలి. రానూపోనూ 350 కిలోమీటర్లు. 38 యూనిట్ల బ్యాటరీ హైవే మీద వంద స్పీడులో ఏసీతో 220-240 ఇస్తుందనుకుని బయల్దేరండి. మధ్యలో ఒకసారి డీసీ (దారిలో దొరికే ఫాస్ట్) చార్జింగ్ తప్పదు, యూనిట్ 20 రూపాయలు అనుకుంటే జీఎస్‌టీతో 23.60, అంటే కిలోమీటరుకు దాదాపు 4 రూపాయలు. 80 శాతం దాటాక వేగం పడిపోతుంది, అక్కడే తీసేయండి. మే నెల మధ్యాహ్నం ఎండలో బ్యాటరీ వేడెక్కి ఉంటే 80 లోపు కూడా నెమ్మదిగా ఎక్కుతుంది, పొద్దున్నే బయల్దేరడం నయం.

బుచ్చి లెక్కలు

వాసి గారూ, ఒక్కటి మర్చిపోయాను. మేడ ఖాళీగా ఉంటే 3 కిలోవాట్ల సోలారు చూడండి. ఇంటి మేడ మీద సోలారుకు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీ వస్తుంది. నెలకు 330-350 యూనిట్లు వస్తే ముందు కోసుకుపోయేది 9.75, 8.75 శ్లాబులే. కారు బుక్ చేసే ముందే దానికి దరఖాస్తు పెట్టి, లోడు పెంపు కూడా అప్పుడే చేయించుకుంటే డిస్కం వాళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.