కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి: ఒక క్లాస్ లెక్కలోకి రాలేదు

ప్రశ్న:
కాలిఫోర్నియాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో రెండో సెమిస్టర్ చదువుతున్నాను, ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా. తర్వాత ట్రాన్స్‌ఫర్ అయి, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్‌లో ఎకనామిక్స్ చేయాలని నా కోరిక. మొదటి సెమిస్టర్‌లో చదివిన మ్యాథ్స్ క్లాస్ ట్రాన్స్‌ఫర్‌కి పనికిరాదని నిన్ననే తెలిసింది. నాలుగు యూనిట్లు! అంచులు నలిగిన ఆ నోట్‌బుక్ ఇంకా బల్ల మీదే ఉంది, చూస్తే గుండె బరువెక్కుతోంది. మళ్లీ ఇలా జరగకూడదంటే ఏం చూసుకోవాలి?

జవాబు 1:
తమ్ముడూ, బాధపడకు, నేనూ ఇదే దారిలో వచ్చాను. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి సరిపోతుందో చూపించే అసిస్ట్ వెబ్‌సైట్‌లో నీ కాలేజీ, డేవిస్, మేజర్ ఎంచుకో. ఎడమవైపు డేవిస్ కోర్సు, ఎదురుగా మీ కాలేజీలో దానికి సరిపోయే కోర్సు కనిపిస్తాయి. రిజిస్టర్ చేసుకునే ముందు ప్రతిసారీ అది చూడు. మూడో ఏడాదిలో, అంటే జూనియర్‌గా చేరడానికి ట్రాన్స్‌ఫర్ అయ్యే సెమిస్టర్ యూనిట్లు 60 ఉండాలి. డేవిస్‌కి ట్యాగ్ (షరతులు పూర్తి చేస్తే సీటు ఖాయమనే హామీ) ఉంది, దాని అప్లికేషన్ సెప్టెంబర్‌లో వేయాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలకు అది లేదు. ట్యాగ్ వేశాక అసలు అప్లికేషన్ కూడా వేయాలి, అది మాత్రం మర్చిపోకు.

జవాబు 2:
వీసా సంగతి కూడా చూసుకోండి. సీటు వచ్చాక పాత కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా పనులు చూసే డీఎస్‌ఓ ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో ఉండే మీ స్టూడెంట్ రికార్డును కొత్త యూనివర్సిటీకి పంపాలి. ఆ రికార్డు బదిలీ అయ్యే రిలీజ్ తేదీ దాటితే పాత కాలేజీ వాళ్లు దాన్ని వెనక్కి తీసుకోలేరు. ఎక్కడ చేరాలో ఖాయం చేసుకున్నాకే ఆ తేదీ పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ఇప్పుడే అసిస్ట్ చూశాను. వచ్చే సెమిస్టర్‌కి అనుకున్న స్టాటిస్టిక్స్ అందులో ఉంది! చాలా థ్యాంక్స్.