స్విమ్మింగ్ కోచ్‌లూ, చెవులూ గొంతూ ఎలా కాపాడుకుంటున్నారు?

బెజవాడ_కోచ్: సమ్మర్ బ్యాచ్‌లు మొదలయ్యాయి, పొద్దున్నే దిగితే ఎండెక్కేదాకా నీళ్లలోనే, మళ్ళీ సాయంత్రం. చెవిలో ఒకటే దురద, గొంతు పోయింది, వీపు మాడింది. భయపడి మెడకి చుట్టుకునేవాళ్లని ఎలా విడిపించుకుంటున్నారో కూడా చెప్పండి

జలపుష్పం: ఇయర్ బడ్ మాత్రం పెట్టకు తమ్ముడూ. నాకు లోపల గీరుకుని ఫంగస్ పట్టి ఈఎన్‌టీ చుట్టూ తిరిగా. తల వంచి చెవి తమ్మె పట్టి లాగు, నీళ్లు వాటంతటవే వస్తాయి, బయట టవల్‌తో తుడుచుకో చాలు. కర్ణభేరికి చిల్లుందేమో చూపించుకోకుండా ఎవరో చెప్పిన చుక్కలు వేసుకోవద్దు. గొంతుకి విజిల్ కొనుక్కో

వైజాగ్_శీను: మీ పూల్లో క్లోరిన్ ఎక్కువేస్తున్నట్టున్నారండీ. మాకైతే గేటు దగ్గరే ముక్కు మండిపోతాది. తగ్గించమనండి

ప్లాంట్‌రూమ్: తగ్గిస్తే ఇంకా ఎక్కువవుద్ది ఆ ఘాటు. అది క్లోరిన్ వాసన కాదు, చెమటా ఉచ్చా క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్లది. కళ్లు మండేదీ దగ్గొచ్చేదీ వాటివల్లే. ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా దేంతోనూ కలవకుండా మిగిలింది, 1 నుంచి 3 పీపీఎం (లీటరు నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 ఉంచి, స్నానం చెయ్యకుండా దూకేవాళ్లని ఆపండి ముందు. నేను చేసేది ఇదే పని

వైజాగ్_శీను: అంటే మా పిల్లలు పూల్లో పోస్తన్నారంటారా??

ప్లాంట్‌రూమ్: పిల్లలే అని నేను అన్లేదు

వైజాగ్_శీను: మాటలు జాగ్రత్తండీ. మా నీళ్లు టెస్ట్ చేసే కిట్‌లో ముదురు పసుపు రంగొచ్చింది, అది ఎక్కువ కాదా మరి?

ప్లాంట్‌రూమ్: అది ఓటీవో కిట్ అయ్యుంటది, చూపించేది టోటల్ క్లోరిన్. అందులో ఫ్రీ ఎంత, క్లోరమైన్లుగా మారి పాడైంది ఎంత తెలియాలంటే డీపీడీ కిట్ కావాలి. అది తెలీకుండా కోచ్‌లందరూ నాకు పాఠాలు చెప్తారు. ఇంకోటి, బ్లీచింగూ యాసిడూ ఒకే బకెట్‌లో కలిపే హెల్పర్ ఉంటే ఆ పూల్ మానెయ్యండి, అప్పుడొచ్చే గ్యాస్‌కి ఊపిరాడదు

కరీంనగర్_బావి: గివేం లొల్లులు అన్నా. మేం నడుముకు బెండ్లు కట్టుకొని వ్యవసాయ బావిల నేర్చుకున్నం. పీపీఎం లేదు గీపీఎం లేదు, చెవులు మంచిగనే ఉన్నయ్

జలపుష్పం: బావి గట్టు మీంచి దూకి మెడ విరగ్గొట్టుకున్నోళ్లు ఇక్కడికొచ్చి పోస్టులు పెట్టరు కదా

లేడీస్_బ్యాచ్: మెడ పట్టుకునే సంగతి ఒక్కరూ చెప్పలేదు. పిల్లలు కాదు, పెద్దవాళ్లతోనే ప్రమాదం. పట్టుకుంటే పైకి లేవబోకు, నువ్వే కిందకి మునుగు, గాలి కోసం వాళ్లే వదిలేస్తారు. అసలు దగ్గరికే పోకుండా గట్టు మీంచి కర్రో ట్యూబో అందించడం మేలు

కరీంనగర్_బావి: మునిగినోన్ని తలకిందులు వట్టి కడుపు ఒత్తితే నీళ్లన్నీ కక్కుతడు అక్కా, అయిపాయె

లేడీస్_బ్యాచ్: బాబూ దండం పెడతా అది చెయ్యకు!! కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ముందు నోటితో ఊపిరి ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకి 2 ఊపిర్లు. కోచ్‌కి ఇది రాకపోతే ఎన్ని మెడల్స్ ఉన్నా దండగ

బెజవాడ_కోచ్: థాంక్స్ అక్కా. వీపు సంగతి?

జలపుష్పం: ఫుల్ చేతుల స్విమ్ టీషర్ట్ వేసుకో, క్రీమ్ నీళ్లలో ఎక్కువసేపు ఆగదు

వైజాగ్_శీను: ఆ డీపీడీ కిట్ ఎంతండీ? మా మేనేజర్ కొనడు గానీ అడుగుతున్నా

కరీంనగర్_బావి: అక్కా మీ లేడీస్ బ్యాచ్ ఫీజెంత? మా ఇంటామె నేర్సుకుంటనంటుంది, బావిలకు రమ్మంటే వస్తలేదు