లక్ష్మణవజ్ఝల యింటి అరటిపండు: నల్లదా, మంచిదా, ఆ పండా?

సెరంగూన్ వాసి:
శుక్రవారం రాత్రి సింగపూర్ రేస్ కోర్స్ రోడ్‌లో అరిటాకు భోజనానికి వెళ్ళాం. ఇద్దరం తెలుగువాళ్ళం, ఒక మలయాళీ, ఒక చైనీస్ మిత్రుడు, జొహోర్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే ఒక మలయ్ స్నేహితురాలు. చేపతలకాయ పులుసు గిన్నె మధ్యలో, ఎవరి ఆకు ముందు వాళ్ళు. చివర్లో బిల్లు వచ్చింది. ఇక్కడి లెక్క ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు: తిన్నది 100 డాలర్లయితే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ, వెరసి 119 డాలర్ల 90 సెంట్లు. ఫోన్లు తీసి పేనౌలో ఎవరి వాటా వాళ్ళు పంపుతుంటే పక్కనున్న తెలుగాయన “లక్ష్మణవజ్ఝల యింట రూకకున్” అన్నాడు. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి పెట్టే భోజనాన్ని పొగిడే పద్యం, క్రీడాభిరామం అనే పాత కావ్యంలోది. పద్యం మొత్తం చెప్పబోతే మొదటి రెండు పాదాలు ఇద్దరికీ వచ్చాయి. మూడో పాదంలో “...నల్లనటిపండ్లును నాలుగునైదు నంజులున్” దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాం కానీ, దాని ముందు ముక్క నోటికి రావడం లేదు. రెండు రోజులుగా అదే నలుగుతోంది. క్రీడాభిరామం చేతిలో ఉన్నవారు ఆ పాదం చెప్పండి. చెప్పాక, ఆ “నల్లనటి”ని (అనటి అంటే అరటే) మీరు ఎలా విడదీస్తారో కూడా రాయండి.

యతిప్రాస:
పుస్తకం అక్కర్లేదండీ.

కప్పురభోగి వంటకము కమ్మని గోధుమపిండి వంటయున్
గుప్పెడు పంచదారయును క్రొత్తగఁ గాఁచిన యాలనే పెస
ర్పప్పును గొమ్మునల్లనటిపండ్లును నాలుగునైదు నంజులున్
లప్పలతోడఁ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝల యింట రూకకున్

మీకు జారిపోయింది “గొమ్ము”. ఇంకో మాట. “పెస / రప్పును” అని చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా చదివితే రెండో పాదం చివర గురువు ఉండదు, మూడో పాదంలో “పం”కి యతి కుదరదు. “ర్ప” అంటేనే రెండూ నిలుస్తాయి. పద్యాన్ని ముందు సరిగ్గా రాసుకుని అరటిపండు జోలికి వెళదాం.

కాకతీయం:
మా ఊరి పద్యం సింగపూర్‌లో గుర్తొచ్చిందంటే సంతోషంగా ఉంది. ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో పొద్దున్నుంచీ తిరిగి తిరిగి, ఆకలేసి పూటకూళ్ళ ఇంటికి చేరే ఘట్టం. ఒక బ్రాహ్మణుడు, ఒక సెట్టి, ఊరంతా చూసి కలిసి బయట భోజనానికి రావడం. అర్థంలో సందేహం ఏముంది? నల్ల + అనటి. తొక్క నల్లబడ్డ పండే తీపి.

చెన్నపట్నం తెలుగు:
నలుపు కాదు. నల్ అంటే మంచి. తమిళంలో ఈ రోజుకీ నల్ల అంటే మంచిదనే కదా. తెలుగులో “నలువు” అంటే సొగసు. అదే ధాతువు. మంచి అరటిపండ్లు. పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని పొగుడుతున్నవాడు నల్లబడ్డ పండు పెట్టారని చెప్పుకుంటాడా? ముందు పదాలు చూడండి: కమ్మని, క్రొత్తగఁ గాఁచిన, క్రొంబెరుగు. అన్నీ తాజాదనం చెప్పే మాటలే.

యతిప్రాస:
ధాతువు వేరు, సంధి వేరు. నల్ + అనటి అయితే ల్ రెట్టించాలి. హ్రస్వం మీద హల్లు, ఆ తర్వాత అచ్చు వస్తే హల్లు రెట్టించడం తమిళ పద్ధతి. అదే అర్థంలో, అచ్చు ముందు, తెలుగు కావ్యంలో ఇంకో ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను. నల్ల + అనటికి అత్వసంధి చాలు. అది బహుళమే కాబట్టి ఇబ్బంది లేదు.

చెన్నపట్నం తెలుగు:
ప్రయోగం వెతుకుతాను. నాలుగు రోజులు టైమివ్వండి.

శ్రీనాథ పక్షం:
మీరిద్దరూ “న” దగ్గర ఆగిపోయారు. ఇది నల్ కాదు, నల్ల కాదు, అల్ల. “ఆ” అనే అర్థంలో. ఈ పద్యం రాసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. శ్రీనాథుడి ఈ చాటువు చూడండి.

ఫుల్లసరోజనేత్ర! యల పూతన చన్నుల చేదుఁ ద్రావి నా
డల్ల దవాగ్ని మ్రింగితి నటంచును నిక్కెద వేల తింత్రిణీ
పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో
మెల్లగ నొక్క ముద్ద దిగమ్రింగుము నీ పస కాననయ్యెడిన్

మొదటి పాదంలో “అల”, రెండో పాదంలో “అల్ల”. అది శ్రీనాథుడి ముద్ర. క్రీడాభిరామం శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఊరికే అనలేదు. గెల నుంచి అప్పుడే తుంచిన ఆ అనటిపండ్లు అని అర్థం. సన్నన్నం, ఆలనేయి, క్రొంబెరుగు మరిగిన నాలుక పల్నాడు వెళ్ళి “సన్నన్నము సున్న సుమీ” అని ఎందుకు వాపోయిందో ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ఓరుగంటి భోజనం రుచి తెలిసినవాడికే కృష్ణుణ్ణి సవాలు చేసేంత కోపం వస్తుంది. ఆ చింతచిగురు బచ్చలికూర ఉడుకుది కావడం కూడా చూడండి. వేడిగా, పుల్లగా, జొన్నముద్దతో గొంతులో అడ్డం పడేది. తిన్నవాడు రాసిన పద్యం అది.

వంటింటి నిఘంటువు:
చింతచిగురు బచ్చలికూర మా ఇంట్లో వారానికోసారి ఉంటుంది, జొన్నరొట్టెతో అమృతం. కృష్ణుడికి పెట్టినా కాదనడు.

శ్రీనాథ పక్షం:
రొట్టె వేరమ్మా, కూడు వేరు.

యతిప్రాస:
కర్తృత్వ చర్చ ఇంకోసారి చేద్దాం. గ్రంథంలో కనబడే పేరు వినుకొండ వల్లభరాయడిది. మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం. శ్రీనాథుడి చాటువులుగా తిరిగే పద్యాలు కొన్ని ఇందులో ఉన్నాయన్నది నిజమే. అంతమాత్రాన “అల్ల” శ్రీనాథుడి సొంత ఆస్తి కాదు, కావ్యకవులందరూ వాడారు.

అసలు సంగతికి వద్దాం. “అల్ల” అనాలంటే ముందు పదం ఏ రూపంలో ఉండాలి? “కొమ్మునన్ + అల్ల”, అంటే కొమ్ము నుంచి తుంచిన ఆ పండ్లు అనుకుంటే “కొమ్మున నల్ల” అవుతుంది, ఒక లఘువు ఎక్కువై రగణం చెడుతుంది. గణం నిలవాలంటే “కొమ్మున్ + అల్ల” ఒక్కటే దారి. అప్పుడు ఆ “ను” సముచ్చయం. పెసరపప్పును, కొమ్మును, ఆ అనటిపండ్లును అని లెక్క. అంటే ఆకులో “కొమ్ము” అని విడిగా ఒక పదార్థం ఉండాలి. ఏమిటది?

వంటింటి నిఘంటువు:
పసుపుకొమ్ము, శొంఠికొమ్ము, వసకొమ్ము. పప్పు తర్వాత కొమ్ము అంటే నాకైతే అల్లం ముక్కే. ఉప్పులో నిమ్మరసంలో ఊరేసిన అల్లం ఆకు చివర వేయడం ఇప్పటికీ ఉంది. మిరపకాయ ఇంకా మన దేశానికి రాని రోజులవి. కారం కావాలంటే మిరియం, అల్లం, ఆవపిండి, అంతే. నాలుగైదు నంజులు, అంటే నంజుకునేవి, పెట్టాలన్న వంటమనిషి అల్లం లేకుండా ఎలా పెడుతుంది?

శ్రీనాథ పక్షం:
ఇది బాగుంది. కొమ్మున్ + అల్ల. నా “అల్ల” నిలబడింది.

యతిప్రాస:
నిలబడలేదు. అల్లం నంజుకునేదైతే నంజుల లెక్కలోకి పోతుంది. దాన్ని నెయ్యి కలిపిన పప్పుకీ అరటిపండుకీ మధ్య విడిగా ఎందుకు చెబుతాడు?

లంకల రైతు:
ఇంతసేపూ ఊరుకున్నాను. అరటికి గెల ఉంటుంది, గెలకి అత్తాలు ఉంటాయి, అత్తంలో కాయలు ఉంటాయి. కొమ్ము నుంచి తుంచడం అన్నది లేదు. ఇక నలుపు సంగతి. రావులపాలెం మార్కెట్‌లో తొక్క నల్లబడిన చక్కెరకేళిని బేరగాడు చేత్తో ముట్టుకోడు. లోపల మెత్తబడిపోతుంది. అమృతపాణీ అంతే. తొక్క నల్లబడేకొద్దీ లోపల గట్టిగా, తియ్యగా ఉండేది ఒకే రకం, పొడుగ్గా వంకీ తిరిగి ఉండేది, మలయాళీలు నేంద్రం అంటారు. అది ఓరుగల్లులో ఉండేదా, ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చింది?

సెరంగూన్ వాసి:
లంకల రైతు గారూ, మీరు రాసింది చదివి నిద్ర పట్టలేదు. మా మలయ్ స్నేహితురాల్ని అడిగాను. ఇక్కడ గేలాంగ్ సెరాయ్ బజారులో చెయ్యంత పొడుగున వంగిన అరటి దొరుకుతుంది. దాని పేరు పిసాంగ్ తందుక్. పిసాంగ్ అంటే అరటి. తందుక్ అంటే కొమ్ము! అచ్చం కొమ్మనటి. వ్యవసాయశాస్త్రంలో కూడా ఆ జాతికి కొమ్ము పేరే ఉంది. ఈ ఉదయం వెళ్ళి చూశాను. పచ్చగా ఉన్నవి ఒక వరస, పసుపువి ఒక వరస, తొక్క మీద నల్ల మచ్చలు కలిసిపోయి సగానికి సగం నల్లబడ్డవి ఒక వరస. అమ్మే ఆవిడ వేయించుకోవడానికి ఆ నల్లవే ఏరి ఇచ్చింది. నొక్కి చూస్తే గట్టిగా ఉన్నాయి. కాబట్టి కొమ్ము, నల్ల, అనటి మూడూ ఒకే పండులో ఉన్నాయి. కొమ్మరటి, బాగా పండి నల్లబడినది. పద్యంలో ఒక్క అక్షరం కదపక్కర్లేదు.

ఇంకోటి. రస్తాలి అరటిని ఇక్కడ మలయ్‌లో పిసాంగ్ రస్తాలి అనే అంటారు. అరటి పేర్లు సముద్రం అటూ ఇటూ తిరిగాయనడానికి అంతకన్నా ఏం కావాలి?

కాకతీయం:
కావాల్సింది నా దగ్గర ఉంది. కాకతీయుల రేవు మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం. ఓడలు గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడితే సరుకు దోచుకోకూడదని, ఏ సరుకు మీద ఎంత సుంకమో రాయించాడు. అందులో కర్పూరం, చీనీ కర్పూరం కూడా ఉన్నాయి. అంటే “కప్పుర” అన్న మాటకి ఓరుగల్లులో సముద్రపు వాసన ఉండేది. కర్పూరం దిగిన రేవులో అరటిపిలక దిగదా? ఓరుగల్లు మూల ఉన్న ఊరు కాదు. అన్ని భాషలవాళ్ళూ అన్ని కులాలవాళ్ళూ వచ్చిపోయే రాజధాని. పూటకూళ్ళ ఇళ్ళు అలాంటి ఊళ్ళోనే పుడతాయి. బంధువు లేని ఊళ్ళో డబ్బిచ్చి తినే చోటు అది. మీ సెరంగూన్ రోడ్‌లో కోమల విలాస్ భోజనశాల 1947లో పెట్టింది కూడా ఆ అవసరానికే.

యతిప్రాస:
శాసనంలో అరటి లేదు. కర్పూరం నుంచి అరటికి గెంతకండి. అదీకాక కప్పురభోగి సన్నబియ్యం రకం, కర్పూరం కలిపిన అన్నం కాదు.

వంటింటి నిఘంటువు:
బియ్యం రకమే. అయినా ఆ పేరు పెట్టినవాడి ముక్కుకి కర్పూరం తెలిసి ఉండాలి కదా.

చెన్నపట్నం తెలుగు:
మీ కొమ్మరటి బాగుంది కానీ సమాసం చూడండి. కొమ్ముకీ అనటికీ మధ్య “నల్ల” దూరితే “కొమ్మునల్ల” అని ఒక రంగు పేరు వినిపిస్తుంది. నల్ల కొమ్మనటి అనాలి కదా? అదే నల్ + అనటిని ముందు ఒక జాతిపేరుగా తీసుకుంటే దానికి కొమ్ము విశేషణం అవుతుంది. కొమ్ములాంటి నల్లనటి. మంచి అరటి అన్నది ఒక రకం పేరు. అప్పుడు వరస సరిపోతుంది.

యతిప్రాస:
ఆ లెక్కన “నల్ల అనటి” కూడా ఒక జాతిపేరు కావచ్చు. మీ వాదంతో నా వాదమే బలపడింది. ప్రయోగం వెతికారా?

చెన్నపట్నం తెలుగు:
ఇంకా రెండు రోజులున్నాయి.

లంకల రైతు:
కొమ్మరటిని చాలాచోట్ల ఉడకబెట్టో వేయించో తింటారు. భోజనంలో పండుగా పెట్టారంటే మాత్రం నల్లబడేదాకా మాగేసి ఉండాలి. సెరంగూన్ వాసి గారు నల్ల వరసలోంచి ఒకటి ఒలిచి పచ్చిగా తిని చెబితే నేను ఒప్పుకుంటాను. వేయించింది లెక్కలోకి రాదు.

సెరంగూన్ వాసి:
తింటాను. ఈలోపు ఇంకొకటి. మలయాళీ మిత్రుడికి పద్యం అర్థం చెబుతుంటే “నాలుగునైదు” దగ్గర ఆపాడు. నాలుగైదు అని ఎందుకు అనలేదు అన్నాడు. నాలుగున్ + ఐదు కదా. నాలుగూ ఐదూ కలిపి తొమ్మిది నంజులా?

శ్రీనాథ పక్షం:
తొమ్మిదే! రూకకి తొమ్మిది నంజులు పెట్టిన ఊరు ఓరుగల్లు. ఆ రాజసం ఇంకెవరు రాస్తారు?

వంటింటి నిఘంటువు:
పూటకూళ్ళ ఇంట్లో రోజూ తొమ్మిది చేయడం ఒక మనిషి వల్ల కాదు. నాలుగైదే.

యతిప్రాస:
నాలుగైదు అంటే “నాలుగైదు నంజులున్” దగ్గర ఒక లఘువు తగ్గి భగణం కుంటుపడుతుంది. ఆ “ను” గణం కోసం వచ్చిందని ఒక వాదం. కానీ ఈ పద్యంలో ఇంకెక్కడా ఊరికే వచ్చిన అక్షరం లేదు. పంచదారయును, పప్పును, పండ్లును, నంజులున్, ప్రతి “ను” వెనకా ఒక వస్తువు ఉంది. ఈ ఒక్కటీ ఖాళీదని నేను అనలేను. తొమ్మిది అని కూడా అనలేను. సంఖ్యల మధ్య సముచ్చయం సందేహార్థంలో వచ్చిన పద్యం ఎవరికైనా తెలిస్తే ఇక్కడ పెట్టండి. నల్లనటి సంగతి ఆ తర్వాత చూద్దాం.

కాకతీయం:
తిక్కనలో ఉండాలి. రాత్రికి విరాటపర్వం తీస్తాను.